ఏ320నియోకి ఏ టేకాఫ్ బరువు తీసుకోవాలి: 73.5 టన్నులా, 77 టన్నులా, 79 టన్నులా?

ఎయిర్‌బస్ ఏ320నియో గరిష్ఠ టేకాఫ్ బరువు ఎంత అని అడిగితే చాలామంది ఠక్కున 79 టన్నులు అనేస్తారు. అది ఆ మోడల్‌కి పై హద్దు మాత్రమే. ఒకే ఫ్యాక్టరీ నుంచి ఒకే వారంలో బయటికొచ్చిన రెండు నియోల్లో ఒకదాని కాగితాల్లో 79 అని, ఇంకోదాని కాగితాల్లో 73.5 అని ఉండొచ్చు. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చుట్టూ తిరిగి చూసినా మీకు తేడా దొరక్కపోవచ్చు. ఆ అంకెని ఎంచుకునేది ఎయిర్‌లైన్, దానికి తయారీదారుకి డబ్బు కట్టేదీ ఎయిర్‌లైనే, ఆ తర్వాత దిగిన ప్రతి ఎయిర్‌పోర్టులో ఆ అంకె మీద ఛార్జీలు కడుతూ పోయేదీ ఎయిర్‌లైనే. అందుకే ఇది ఇంజనీరింగ్ ప్రశ్న ఎంతో కొనుగోలు ప్రశ్న కూడా అంతే, దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏళ్ల తరబడి డబ్బు పోతుంది.

ఫ్లైట్ డిస్పాచ్ చదువుతున్నవాళ్లకి, ఎయిర్‌లైన్ ప్లానింగ్‌లో కొత్తగా చేరినవాళ్లకి, విమానాలంటే ఇష్టం ఉండి లోతుగా తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుందని రాస్తున్నాను. తొందర ఉన్నవాళ్లకి నా సమాధానం ముందే చెప్పేస్తా: టేకాఫ్ బరువుని చివర్లో ఎంచుకోండి. ముందు జీరో ఫ్యూయల్ బరువు, ల్యాండింగ్ బరువు చూడండి, తర్వాత మీరు రోజూ నడిపే రూట్లలో పొడవైనదాన్ని తీసుకుని లెక్క వేయండి. ఆ లెక్కకి సరిపోయేంత టేకాఫ్ బరువు తీసుకుంటే చాలు, ఎప్పుడో అవసరం పడొచ్చని పైది తీసుకోకండి.

అసలు ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పెద్ద విమానాలకి యూరప్‌లో సీఎస్-25, అమెరికాలో పార్ట్ 25 అనే నిబంధనలుంటాయి, రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ బరువుతో ఎగురుతున్నప్పుడు విమానం కనీసం 2.5 జీ దాకా, అంటే దాని బరువుకి రెండున్నర రెట్ల భారం దాకా లాగినా నిలవాలి, ఆ భారానికి ఒకటిన్నర రెట్లు వేసినా విరిగిపోకూడదు. దిగేటప్పుడు గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకి 10 అడుగుల వేగంతో నేలని తాకినా ల్యాండింగ్ గేర్ (చక్రాలు, వాటి కాళ్లు) తట్టుకోవాలి. టేకాఫ్ అయిన వెంటనే ఏదో సమస్య వచ్చి పూర్తి టేకాఫ్ బరువుతోనే తిరిగి దిగాల్సి వస్తే? దానికీ లెక్క ఉంది, అప్పుడు సెకనుకి 6 అడుగులు. అంటే టేకాఫ్ బరువుతో దిగితే విమానం ముక్కలవుతుందని భయపడనక్కర్లేదు, మెల్లగా దింపాలి, దిగాక తనిఖీ చేయించాలి.

వీటిలో నాకు బాగా నచ్చే పరీక్ష బ్రేకులది. విమానాన్ని గరిష్ఠ బరువుకి నింపి, బ్రేకుల్ని దాదాపు పూర్తిగా అరిగిపోయే దశకి తెచ్చి, రన్‌వే మీద టేకాఫ్ వేగం దాకా పరిగెత్తించి, ఒక్కసారిగా ఆపేస్తారు. కొత్త బ్రేకులతో ఎవరైనా ఆపుతారు, మార్చేయాల్సిన దశలో ఉన్న బ్రేకులతో ఆపి చూపించాలి. ఆగేసరికి చక్రాల దగ్గర ఎర్రగా కాలిపోతుంటుంది, టైర్లు వేడికి పేలిపోకుండా అందులో ఉండే ఫ్యూజ్ ప్లగ్‌లు కరిగి గాలి దిగిపోతుంది, అగ్నిమాపక బండ్లు పక్కనే ఉన్నా 5 నిమిషాల దాకా నీళ్లు కొట్టకూడదు, ఎందుకంటే నిజంగా ఏదైనా జరిగినప్పుడు వాళ్లు చేరుకోవడానికి ఆ మాత్రం సమయం పట్టొచ్చు. బరువు ఒక టన్ను పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి కూడా పెరుగుతుంది. కాబట్టి గరిష్ఠ టేకాఫ్ బరువు రెక్క ఎంత మోస్తుందన్న ఒక్క విషయంతో తేలదు, రెక్క, గేర్, బ్రేకు, టైరు, ఇంజన్ అన్నింట్లో ఏది ముందు చాలు అంటుందో అక్కడ ఆగుతుంది.

ఇంజన్ విషయం వేరే రకం. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోయి, గేర్ పైకి లాగేసిన తర్వాత కూడా ముందుకి 100 మీటర్లు వెళ్తే కనీసం 2.4 మీటర్లు పైకెక్కగలగాలి. మూడు ఇంజన్లైతే 2.7, నాలుగైతే 3.0. ఈ షరతుకి సరిపోయే బరువు ఎండని బట్టి, ఎయిర్‌పోర్టు ఎత్తుని బట్టి మారిపోతుంది, అందుకే దీన్ని ఒకే అంకెగా కాకుండా పట్టికలుగా ఇస్తారు. ఈ సంగతి కిందకి మళ్లీ వస్తుంది, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

ఇవన్నీ తేలాక తయారీదారు ఒకే అంకె తీసుకోడు. ఒక్కో మోడల్‌కి బరువుల జతలు చాలా ధృవీకరణ చేయించి పెట్టుకుంటాడు. ఎయిర్‌బస్‌లో వీటిని వెయిట్ వేరియంట్లు అంటారు, డబ్ల్యూవీ అని నంబరు ఉంటుంది, యూరప్ భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ విడుదల చేసే టైప్ సర్టిఫికెట్ డేటా షీట్‌లో అన్నీ పట్టికగా ఉంటాయి. ఏ320 కుటుంబానికి ఆ షీట్ నంబరు ఈఏఎస్‌ఏ.ఏ.064, ఎవరైనా ఉచితంగా తెరిచి చూడొచ్చు, ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఒకసారి తప్పకుండా చూడాలని నా మాట. మీ విమానానికి అందులో ఏ వరుస వర్తిస్తుందో దాని ఫ్లైట్ మాన్యువల్ చెబుతుంది. చట్టం దృష్టిలో గరిష్ఠ బరువంటే ఆ మాన్యువల్‌లో ఉన్న అంకే. లారీ ఆర్‌సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉంటే అంతే ఎక్కించాలి, ట్యాక్సూ దాని మీదే కట్టాలి, బండికి ఇంకా దమ్ముందని ఎక్కువ వేస్తే కేసు అవుతుంది కదా, ఇదీ అంతే.

ఆ వరుసలో టేకాఫ్ బరువు ఒక్కటే ఉండదు. ట్యాక్సీ బరువు ఉంటుంది, అది టేకాఫ్ బరువుకంటే కొంచెం ఎక్కువ, 79 టన్నుల నియోకి 79.4. ఆ 400 కిలోలు రన్‌వే దాకా పోయేలోపు కాలిపోయే ఇంధనం కోసం. ల్యాండింగ్ బరువు ఉంటుంది. జీరో ఫ్యూయల్ బరువు ఉంటుంది, అంటే ఇంధనం తప్ప విమానం, మనుషులు, సామాను అన్నీ కలిపి ఎంత దాకా వెళ్లొచ్చో. ఈ చివరిది ఎందుకుందో కొత్తవాళ్లకి ఒక పట్టాన అర్థం కాదు. గాల్లో ఉన్నప్పుడు రెక్కలు విమానాన్ని పైకి లాగుతుంటాయి, మధ్యలో ఉన్న బాడీ కిందకి లాగుతుంటుంది, ఆ రెండింటి మధ్య రెక్క మొదలు దగ్గర వంపు భారం పడుతుంది. రెక్కలో ఇంధనం ఉంటే దాని బరువు రెక్కనే కిందకి నొక్కుతుంది కాబట్టి ఆ వంపు తగ్గుతుంది. ఇంధనం అయిపోతున్నకొద్దీ ఆ సాయం పోతుంది. కాబట్టి బాడీలో ఎంత ఎక్కించొచ్చన్నదానికి విడిగా హద్దు పెట్టాలి. ఏ320నియోలో జీరో ఫ్యూయల్ 64.3, ల్యాండింగ్ 67.4 ఉన్న వేరియంట్లున్నాయి, 62.8, 66.3 ఉన్నవీ ఉన్నాయి. తేడా చిన్నగా కనిపిస్తోంది కదా, కింద లెక్కలో ఎంత పెద్దదో చూడండి.

శంషాబాద్ నుంచి లెక్క వేద్దాం. ఇవి సుమారు అంకెలు, మీ సంస్థ విమానానికి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. సిబ్బంది, క్యాటరింగ్ అన్నీ కలిపి ఖాళీ విమానం 44.5 టన్నులు అనుకుందాం. 186 సీట్లూ నిండాయి, మనిషికి బ్యాగులతో కలిపి 90 కిలోలు వేసుకుంటే 16.7 టన్నులు. కార్గో ఒక టన్ను. మొత్తం 62.2. ఇదే జీరో ఫ్యూయల్ బరువు, రెండు రకాల వేరియంట్లలోనూ సరిపోయింది, కాకపోతే 62.8 వేరియంట్‌లో ఇంకో 600 కిలోల కార్గో వస్తే అక్కడితో తలుపు మూసేయాలి.

ఇప్పుడు ఢిల్లీకి. దారిలో కాలే ఇంధనం 4.8 టన్నులు, ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టుకీ హోల్డింగ్‌కీ (గాల్లో చక్కర్లు కొడుతూ వేచి ఉండటానికి) కలిపి చేతిలో ఉంచుకునే రిజర్వు 3 టన్నులు. టేకాఫ్ బరువు 70.0. అంటే విమానం పూర్తిగా నిండి ఒక టన్ను కార్గోతో పోతున్నా 73.5 వేరియంట్‌లో ఇంకా మూడున్నర టన్నులు మిగిలే ఉన్నాయి. ఈ రూటుకి 79 తీసుకున్న సంస్థ తొమ్మిది టన్నులు వాడకుండానే దానికి డబ్బు కడుతోంది.

దుబాయికి చూద్దాం. దారిలో 9.3, రిజర్వు 3, టేకాఫ్ 74.5. ఇక్కడ 73.5 వేరియంట్ ఒక టన్ను తక్కువైంది. కార్గో మొత్తం దింపేస్తే ప్రయాణికులందరూ వెళ్లొచ్చు, కార్గో ఉండాలంటే పన్నెండు సీట్లు అమ్మకుండా వదిలేయాలి. 77 తీసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, ఎదురుగాలి ఎక్కువున్న రోజు కూడా గట్టెక్కుతుంది.

ఇక ఆరు గంటల రూటు. దారిలో 14.5, రిజర్వు 3.2, టేకాఫ్ 79.9. ఇక్కడ 79 కూడా చాలదు, 900 కిలోలు తగ్గాలి, అంటే కార్గో దాదాపు అంతా పోతుంది. 77 అయితే 2.9 టన్నులు తగ్గాలి, కార్గో పోయాక ఇంకో 22 మంది దిగాలి. 73.5తో అయితే 60 మంది. ఇలాంటి రూటు వారానికి రెండుసార్లు నడిపితే ఒక లెక్క, రోజూ నడిపితే ఇంకో లెక్క, రోజూ నడిపే పనైతే అసలు ఈ విమానమే సరైనదా అని ఆలోచించాలి.

ఢిల్లీ లెక్కలో ఇంకో కోణం ఉంది. విమాన ఇంధనం మీద వ్యాట్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, కాబట్టి చవగ్గా దొరికే చోట ఎక్కువ నింపుకుని తిరుగు ప్రయాణానికి కూడా వాడుకోవడం మన దేశంలో మామూలే, దీన్నే ట్యాంకరింగ్ అంటారు. ఎంత ఎక్కువ నింపొచ్చు? పైన ఢిల్లీలో దిగేటప్పటి బరువు 65.2. ల్యాండింగ్ హద్దు 67.4 అయితే 2.2 టన్నులు ఎక్కువ మోసుకెళ్లొచ్చు, 66.3 అయితే 1.1 మాత్రమే. ఆ 2.2 వేసుకున్నా టేకాఫ్ 72.2, ఇంకా 73.5 లోపే ఉంది. అంటే దేశీయ రూట్లలో ట్యాంకరింగ్‌ని ఆపేది ల్యాండింగ్ బరువు, టేకాఫ్ బరువుకి అక్కడ పనే లేదు. కాబట్టి తక్కువ టేకాఫ్, ఎక్కువ ల్యాండింగ్, ఎక్కువ జీరో ఫ్యూయల్ ఉన్న జత మీ సీరియల్ నంబరుకి వర్తిస్తుందేమో పట్టికలో ముందు వెతకండి. దేశంలోనే తిరిగే విమానానికి నా దృష్టిలో అంతకంటే మంచిది లేదు.

తక్కువ తీసుకుంటే మిగిలేదెంత? మన దగ్గర ల్యాండింగ్ ఛార్జీ టన్నుల లెక్కన పడుతుంది, ఆ రోజు నిజంగా ఎంత బరువుతో దిగిందన్నది చూడరు, కాగితం మీదున్న గరిష్ఠ టేకాఫ్ బరువే చూస్తారు. రోజుకి ఆరు ల్యాండింగులు చేసే విమానానికి ఏడాదికి 2,190 ల్యాండింగులు. 79కీ 73.5కీ తేడా 5.5 టన్నులు, గుణిస్తే ఏడాదికి 12,045 టన్నుల మీద ఛార్జీ. టన్నుకి 300 రూపాయలని ఉదాహరణకి వేసుకుంటే ఒక్క విమానం మీద 36 లక్షలు. యాభై విమానాలుంటే ఎంతో మీరే చూసుకోండి. ఎయిర్‌పోర్టుని బట్టి రేటు మారుతుంది కాబట్టి మీరు దిగే ఎయిర్‌పోర్టుల టారిఫ్ కార్డు తెచ్చుకుని ఇదే గుణకారం చేయండి.

యూరప్ మీదుగా ఎగిరితే యూరోకంట్రోల్ (అక్కడ గగనతలం వాడుకున్నందుకు ఛార్జీలు వసూలు చేసే సంస్థ) సూత్రం వేరు: బరువుని 50తో భాగించి దాని వర్గమూలం తీసుకుంటారు, దాన్ని దూరంతో, దేశం రేటుతో గుణిస్తారు. వర్గమూలం కాబట్టి బరువు 7 శాతం తగ్గినా ఛార్జీ మూడున్నర శాతమే తగ్గుతుంది. దీంతోపాటు ఇంకో నియమం ఉంది, అది తెలియక లెక్కలు తప్పేవాళ్లుంటారు: ఒకే విమానానికి ఒకటి కంటే ఎక్కువ గరిష్ఠ బరువులు ఆమోదం పొంది ఉంటే వాటిలో అన్నిటికంటే పెద్దదాని మీదే ఛార్జీ.

శబ్దం కూడా ఉంది. విమానం శబ్ద ధృవీకరణ దాని గరిష్ఠ బరువులకి ముడిపడి ఉంటుంది. తేలికైన విమానం టేకాఫ్ తర్వాత త్వరగా పైకెక్కుతుంది, ఇళ్ల మీదుగా వెళ్లేసరికి ఎత్తులో ఉంటుంది. లండన్ ఎయిర్‌పోర్టుల్లో రాత్రి విమానాలకి కోటా పాయింట్లు ఈ ధృవీకరించిన శబ్దాన్ని బట్టే ఇస్తారు. కాబట్టి కాగితం మీద కొన్ని టన్నులు తగ్గించుకుంటే పాయింట్లు తగ్గే తరగతిలోకి దిగే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు ఎంపికల్లోకి. ఫ్లీట్ మొత్తానికి పై బరువు తీసుకోవడం ఒక దారి. ఏ విమానాన్ని ఏ రూటుకైనా పంపొచ్చు, ఒకటి చెడిపోతే ఇంకోటి వేసేయొచ్చు, ఆపరేషన్స్ కంట్రోల్‌లో కూర్చున్నవాళ్లకి టెన్షన్ ఉండదు, లీజు ముగిశాక ఇంకొకరికి ఇవ్వడం కూడా సులువు. దానికి ఖర్చు మీరు పైన చూసిందే. పొడవైన రూట్లు సగం పైన ఉన్న సంస్థకి ఇదే సరైనది. మొత్తం తక్కువ తీసుకోవడం రెండో దారి, అది పూర్తిగా దేశీయంగా, రెండున్నర గంటల లోపు రూట్లలో తిరిగే కొత్త సంస్థకి బావుంటుంది, ఎందుకంటే తర్వాత కావాలంటే పెంచుకోవచ్చు. విమానం నిర్మాణంలో ఆ మార్పు ముందే ఉంటే పెంపు చాలావరకు కాగితాల మీదే జరిగిపోతుంది, తయారీదారుకి రుసుము కట్టి మాన్యువల్ పేజీలు మార్పించుకుంటే సరి.

మూడోది ఫ్లీట్‌లో కొన్నింటికి ఎక్కువ, మిగతావాటికి తక్కువ. కాగితం మీద చూస్తే ఇదే అన్నిటికంటే చవక. కానీ దుబాయికి వెళ్లాల్సిన 77 టన్నుల విమానం ఉదయం ఐదింటికి మొరాయించి, చేతిలో 73.5 విమానం మాత్రమే ఉన్న రోజు ఆ సంస్థ కార్గోని వదిలేయాలి, లేదా ప్రయాణికుల్ని. ఫ్లీట్ ఇరవై దాటితే ఈ దారి పనిచేస్తుందని నా అభిప్రాయం, ఆరేడు విమానాలున్న సంస్థ దీని జోలికి పోకపోవడమే మంచిది.

నాలుగోది ఒకే విమానానికి రెండు బరువులు ఆమోదం చేయించుకుని సీజన్‌ని బట్టి మార్చుకోవడం. దీనికి పద్ధతి ఉంది, ఫ్లైట్ మాన్యువల్‌లో ఏది అమల్లో ఉందో మార్చాలి, టెక్ లాగ్‌లో (విమానంతో ఉండే సాంకేతిక పుస్తకంలో) నమోదు కావాలి, లోడ్ షీట్ (ఆ ఫ్లైట్ బరువుల లెక్క) తీసే సిస్టమ్‌లో మారాలి, ఎయిర్‌పోర్టు బిల్లింగ్ వాళ్లకి తెలియాలి. హజ్ సీజన్‌కి ఒకసారి పెంచి మళ్లీ తగ్గించుకుంటే అర్థముంది, అదీ ఆ ఎయిర్‌పోర్టు నిబంధనలు ఒప్పుకుంటేనే. వారానికోసారి మార్చడాన్ని నేను గట్టిగా వద్దంటాను. ఒక సిస్టమ్‌లో 77, ఇంకో సిస్టమ్‌లో 73.5 ఉండిపోతే ఆ పొరపాటు నేరుగా కాక్‌పిట్‌లోకి వెళ్తుంది. దానికి తోడు ల్యాండింగ్ గేర్ భాగాల ఆయుష్షు వెయిట్ వేరియంట్‌ని బట్టి లెక్కిస్తారు, రెండింటి మధ్య తిరుగుతుంటే ఆ లెక్కలు రాసుకునే మెయింటెనెన్స్ విభాగానికి పని రెట్టింపవుతుంది.

పైన వదిలేసిన ఎండ సంగతికి వస్తాను. మనవాళ్లు ఇక్కడే ఎక్కువగా మోసపోతారు. మాన్యువల్‌లో 79 అని ఉన్నంత మాత్రాన మే నెల మధ్యాహ్నం 79తో లేవగలదని కాదు. చాలా ఇంజన్లు ప్రామాణిక ఉష్ణోగ్రత (లెక్కల కోసం ఒక్కో ఎత్తుకి అనుకున్న వేడి) కంటే 15 డిగ్రీలు ఎక్కువ దాకా పూర్తి థ్రస్ట్, అంటే ముందుకి తోసే బలం, ఇస్తాయి, అది దాటాక లోపలి వేడి హద్దు మీరకుండా థ్రస్ట్ తగ్గించుకుంటాయి. శంషాబాద్ సముద్ర మట్టానికి 2,024 అడుగుల ఎత్తులో ఉంది, ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 11 డిగ్రీలు, 15 కలిపితే 26. మన ఎండాకాలంలో 26 డిగ్రీలు అర్ధరాత్రి కూడా అరుదే! అంటే ఏప్రిల్, మే నెలల్లో దాదాపు ప్రతి టేకాఫ్ తగ్గిన థ్రస్ట్ లెక్కలోనే ఉంటుంది. అదృష్టవశాత్తూ అక్కడ రన్‌వే 4,260 మీటర్లు, ఏ320 లాంటిదానికి పొడవు సమస్య రాదు, వస్తే ఒక ఇంజన్‌తో ఎక్కే ఆ 2.4 శాతం దగ్గర రావాలి. ఓర్వకల్లులో ఉన్న కర్నూలు ఎయిర్‌పోర్టు రన్‌వే 2,000 మీటర్లు. అక్కడ కాగితం మీద 79 ఉన్నా 73.5 ఉన్నా ఆ రోజు రన్‌వే ఒప్పుకునే బరువు రెండింటికీ ఒకటే. లేహ్ సంగతి చెప్పక్కర్లేదు, పది వేల అడుగులు దాటిన ఎత్తు, అందుకే అక్కడ పౌర విమానాలు చల్లగా ఉండే ఉదయం పూటే ఎక్కువ.

కాబట్టి ఏ రోజైనా టేకాఫ్ బరువంటే నాలుగింట్లో చిన్నది: మాన్యువల్ హద్దు, ఆ రోజు రన్‌వే ఎండ కలిసి ఇచ్చే హద్దు, ల్యాండింగ్ హద్దుకి దారిలో కాలే ఇంధనం కలిపితే వచ్చేది, జీరో ఫ్యూయల్ హద్దుకి టేకాఫ్ ఇంధనం కలిపితే వచ్చేది. మీ రూట్లలో మొదటిది కాక మిగతా మూడింట్లో ఏదో ఒకటి పట్టుకుంటుంటే టేకాఫ్ బరువు పెంచుకోవడానికి కట్టే ప్రతి రూపాయీ దండగ. రన్‌వే పట్టుకుంటుంటే ఎక్కువ థ్రస్ట్ రేటింగ్‌కి డబ్బు పెట్టండి, లేదా టైమింగ్‌ని తెల్లవారుజాముకి మార్చండి.

కొన్నిసార్లు బరువు ఎంపికకి ఎగరడంతో సంబంధమే ఉండదు, ఏదో ఒక చట్టంలో ఉన్న గీత దాటకుండా ఉండటమే పని. అమెరికాలో ఒకప్పుడు 80,000 పౌండ్లు దాటిన విమానానికి కాక్‌పిట్‌లో ముగ్గురు ఉండాలనే నియమం ఉండేది. డగ్లస్ కంపెనీ డీసీ-9ని మొదట ఆ గీత కిందే ఉంచింది, 1965లో ఆ నియమం పోయాక బరువులు పెరిగాయి. ఇప్పుడు అక్కడి పెద్ద సంస్థల పైలట్ల ఒప్పందాల్లో ప్రాంతీయ జెట్‌లకి 86,000 పౌండ్ల హద్దుంది, అంటే 39,009 కిలోలు. ఎంబ్రేయర్ ఈ175 ఎల్‌ఆర్ 38,790 కిలోలతో దాని లోపల ఒదిగిపోతుంది, తర్వాత రూపొందించిన ఈ175-ఈ2 44 టన్నులు దాటడంతో దాన్ని అక్కడి ప్రాంతీయ సంస్థలు తీసుకోలేకపోయాయి.

మన దేశంలో ఆ గీత 40,000 కిలోల దగ్గరుంది. షెడ్యూల్డ్ సంస్థలు నడిపే, గరిష్ఠ టేకాఫ్ బరువు 40,000 కిలోల లోపున్న విమానాలకి అమ్మే ఇంధనాన్ని కేంద్ర అమ్మకపు పన్ను చట్టంలో ప్రత్యేక వస్తువుల జాబితాలో చేర్చారు, అందువల్ల రాష్ట్రాలు దానిమీద వేసే పన్నుకి పైహద్దు వచ్చింది. అదే ఈ175లో ఏఆర్ రకం 40,370 కిలోలు. చూడటానికి ఎల్‌ఆర్, ఏఆర్ రెండూ ఒకే విమానం, 1,580 కిలోల తేడాతో ఒకటి గీతకి ఇవతల, ఇంకోటి అవతల. ఇలాంటి చోట ఎక్కువ బరువు తీసుకోవాలంటే చాలా గట్టి కారణం ఉండాలి. ఏటీఆర్ 72-600 అయితే ఆలోచించే పనే లేదు, 22,800, 23,000 రెండూ గీతకి చాలా కిందే, పైగా 80 సీట్ల లోపు దేశీయ విమానాలకి ల్యాండింగ్ ఛార్జీ మినహాయింపు చాలా ఏళ్లుగా నడుస్తోంది కాబట్టి పై బరువే తీసుకోండి.

పెద్ద విమానాల్లో ఈ తేడాలు ఇంకా ఎక్కువ. ఏ330-300 మొదట వచ్చినప్పుడు 212 టన్నులు, పెరుగుతూ పెరుగుతూ 242కి చేరింది, దాని వారసుడు ఏ330-900 251. మళ్లీ అదే ఏ330-300ని దగ్గరి రూట్లలో ఎక్కువమందిని తిప్పడానికి 199 టన్నులకి తగ్గించి రీజనల్ పేరుతో అమ్మారు, సౌదియా మొదట తీసుకుంది. తగ్గించడానికి కాగితం చాలు. పెంచడానికి ఒక హద్దు దాకా కాగితం చాలు, ఆ తర్వాత లోహం కావాలి. ఏ321నియోని ఎక్కువ దూరం వెళ్లే 97 టన్నుల ఎల్‌ఆర్ చేయడానికి అదనపు ట్యాంకులు పెట్టుకోవాలి, ఇంకా ఎక్కువ దూరం వెళ్లే 101 టన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్‌కి ల్యాండింగ్ గేర్ బలపరిచి, బాడీలో వెనకవైపు శాశ్వతంగా 12,900 లీటర్ల ట్యాంకు కట్టాల్సి వచ్చింది, 2024 జులైలో గానీ యూరప్ ధృవీకరణ రాలేదు. 93.5 టన్నుల ఏ321నియో కొనుక్కుని తర్వాత దాన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ చేసుకుందాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

బరువు నిజంగా అవసరమైన రూటు చూడాలంటే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన హైదరాబాద్-షికాగో నాన్‌స్టాప్. దానికి వాడింది 777-200ఎల్‌ఆర్, గరిష్ఠ టేకాఫ్ బరువు 347 టన్నుల పైన. అంత దూరానికి టేకాఫ్ బరువులో పెద్ద వాటా ఇంధనమే, ఒక్కో టన్నూ నేరుగా సీట్లుగానో కార్గోగానో మారుతుంది, అక్కడ ల్యాండింగ్ ఛార్జీ ఎంత మిగిలిందని ఎవరూ అడగరు. మీ రూట్లు అలాంటివైతే ఉన్నదాంట్లో పై వేరియంట్ తీసుకోండి, ఇంకో మాట అక్కర్లేదు.

వాడిన విమానం లీజుకి తీసుకుంటుంటే అమ్మకం బ్రోచర్‌లో ఉన్న అంకె నమ్మకండి. ఆ సీరియల్ నంబరుకి ఫ్లైట్ మాన్యువల్‌లో ప్రస్తుతం అమల్లో ఉన్న పేజీ అడగండి, పట్టికలోని ఏ వరుసల దాకా ఆ విమానంలో మార్పులు జరిగి ఉన్నాయో అడగండి, పై వరుసకి వెళ్లాలంటే రుసుము యజమాని కడతాడా మీరు కట్టాలా అన్నది ఒప్పందంలో రాయించండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఏ బరువుతో ఇవ్వాలన్నది కూడా. మీరు 73.5కి తగ్గించుకుని వాడి, ఒప్పందంలో 77తో తిరిగి ఇవ్వాలని ఉంటే ఆ పెంపు ఖర్చు లీజు చివరి నెలలో మీ మీద పడుతుంది, ఐదేళ్ల ల్యాండింగ్ ఛార్జీల్లో మిగుల్చుకున్నదాంట్లోంచి దాన్ని ముందే తీసి లెక్క వేసుకోండి.